నొప్పి అని చెప్పలేని బిడ్డ జెరాన్ని ఎవరు వినాల?

మన వాడలో జెరం వచ్చినోడు ఏం చేస్తాడు? మొదటి దినం కూలి పోతాదని పనికే పోతాడు. రెండో దినం మందుల షాపులో రెండు బిళ్లలు అడిగి మింగుతాడు. మూడో దినం కాళ్లు నిలవకపోతే అప్పుడు ఆస్పత్రి దారి పడతాడు. అక్కడ కూడా "అయ్యా, ఇక్కడ నొప్పి, ఇట్లా ఉంది" అని నాలుగుసార్లు గట్టిగా చెప్తేగాని తలెత్తి చూసేవాళ్లు ఉండరు. ఇది మనకు తెలిసిన సంగతే. నోరున్న మనకే ఇట్లా ఉంటే, నొప్పి అనే మాటే చెప్పలేని బిడ్డ గతి ఏంటి? ఈసారి మేము ఆ బిడ్డల గురించి రాస్తున్నాం.

ఆటిజం అనే మాట మన వాడల్లోకి ఇంకా సరిగా రాలేదు. ఆ బిడ్డలు మాత్రం ఎప్పటినుంచో మన మధ్యే ఉన్నారు. పిలిస్తే పలకడు. కంట్లోకి చూడడు. ఒకే ఆట గంటల తరబడి ఆడతాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని పరిగెత్తుతాడు. రోజూ అదే గిన్నె, అదే అన్నం కావాలంటాడు. ఇట్లాంటి బిడ్డను మనం తిక్కోడన్నాం, గాలి సోకిందన్నాం, తాయెత్తు కట్టించాం. ఆటిజం గాలీ కాదు, శాపమూ కాదు, ఒకరినుంచి ఇంకొకరికి అంటుకునేదీ కాదు. మెదడు పెరిగే తీరులోనే చిన్ననాటినుంచి ఉండే తేడా అది. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరు బాగా మాట్లాడతారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. కొందరికి మాట రాదు. కొందరికి దాంతోపాటు బుద్ధిమాంద్యమో, మూర్ఛరోగమో కూడా ఉంటాయి. 2021లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన ఒక్కొక్క మండలంలో వందలమంది ఉండాల. 2011 జనాభా లెక్కల్లో వికలాంగుల వివరాలు రాసుకున్నప్పుడు ఆటిజానికి విడిగా గడే లేదు. గడి లేకపోతే లెక్క లేదు. లెక్కలో లేనివాడికి మందూ రాదు, సూదీ రాదు.

మా పెద్దపంజాణి మండలంలో ఒక దళితవాడలో జరిగింది చెప్తాం. బిడ్డ పేరు, వాడ పేరు రాయడం లేదు. ఆ ఇంటి గుట్టు ఆ ఇంటిది.

ఆ పిల్లోడికి మాట రాదు. తల్లీతండ్రీ బెంగళూరులో బిల్డింగు పనులకు పోతే అవ్వ దగ్గరే పెరిగినాడు. అవ్వకు చదువు రాదు. కానీ ఆ బిడ్డను చదవడం ఆమెకు వచ్చినంత ఇంకెవరికీ రాలేదు. "నాయనా, వాడు నోటితో చెప్పడు, ఒంటితో చెప్తాడు" అని మాతో అనేది. తలనొప్పి వస్తే చెవి మీద అరచెయ్యి పెట్టి కొట్టుకుంటాడు. గొంతు నొప్పి అయితే మణికట్టు కొరుక్కుంటాడు. కడుపునొప్పి అయితే వాకిట్లో బట్టలుతికే బండ మీద బోర్లా పడుకుంటాడు. దప్పికయితే అవ్వ కొంగు పట్టుకుని లాగుతాడు. ఇదంతా ఆమెకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. యాడా రాసి పెట్టలేదు.

2021 మే నెలలో అవ్వకు కరోనా వచ్చింది. అవి ఎట్లాంటి దినాలో మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారని అధికారులే చెప్పినారు. ఆ నెలలోనే ఆ అవ్వ కూడా పోయింది. శవం ఇంటికి రాలేదు. పిల్లోడు చాన్నాళ్లు ఆమె కొంగు కోసం ఇల్లంతా వెతికినాడు. తల్లి బెంగళూరు వదిలిపెట్టి వచ్చేసింది. కన్నతల్లే. కానీ పన్నెండేండ్లు అవ్వ దగ్గర పెరిగిన బిడ్డ భాష ఆమెకు తెలీదు. అది ఆమె తప్పు కాదు. కూలి వెతుక్కుంటూ పోయిన కడుపులది తప్పెట్లా అవుతుంది?

రెండేండ్ల తర్వాత, 2023 వానల కాలంలో, ఆ పిల్లోడికి జెరం వచ్చింది. మూడు దినాలు కాగింది. నాలుగో దినం ఒళ్లు చల్లబడింది. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. కానీ వాడు అన్నం ముట్టలేదు. కేకలు పెట్టినాడు. పొద్దున్నుంచి పోయి ఆ బండ మీద బోర్లా పడుకున్నాడు. లేపితే కొరికినాడు. "తిక్క ఎక్కువైంది" అన్నారు ఇరుగుపొరుగు. ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే (ఎవరో, యాడో మేము చెప్పం) వాడు అరుస్తున్నాడని దగ్గరికే రాలేదు. చెయ్యి పట్టి చూడలేదు, బీపీ చూడలేదు. "ఇట్లాంటి పిల్లలు ఇట్లాగే చేస్తారమ్మా" అని నిద్రమందు రాసిచ్చి పంపించినాడు.

ఆ సాయంత్రం ఆ ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త ఒకే ఒక మాట అడిగింది: "అక్కా, వీడు పొద్దున్నుంచి ఒంటేలుకు పోయినాడా?" పోలేదు. చిగుళ్లలో రక్తం కూడా ఆమే చూసింది. ఆ రాత్రే 108లో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. డెంగీ. ఇంకొక పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఆరు దినాలకు బతికి ఇంటికొచ్చినాడు.

డెంగీలో జెరం తగ్గిన తర్వాతే అసలు గండం మొదలవుతుందని డాక్టర్ల పుస్తకాల్లోనే ఉంది. ఆపకుండా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి, ముక్కునుంచి రక్తం, మత్తు, కాలు నిలవని అలజడి, ఇవీ ప్రమాద సూచనలు. ఆ పిల్లోడు బండ మీద బోర్లా పడుకుని చెప్పింది ఇదే కదా? వాడు చెప్పినాడు. మనకే వినడం రాలేదు. అవ్వ బతికుంటే పొద్దున్నే విని ఉండేది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాల. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం పెట్టినారు. 9 నెలలనుంచి 15 ఏండ్లలోపు పిలకాయలందరికీ బడుల్లోనే సూదులు వేసినారు. ఆ దినం అవ్వ ఈ బిడ్డను చెయ్యి పట్టుకుని బడికి తెచ్చింది. మేమే, వాడి జాతిలో పుట్టిన మేమే, వాడి వీధిలో పెరిగిన మేమే, "అవ్వా, వీడు గొడవ చేస్తే మిగతా పిలకాయలు బెదిరిపోతారు, ఇంకోనాడు చూద్దాంలే" అని తిప్పి పంపించినాం. ఆ ఇంకోనాడు రానే లేదు. మేము చిన్నప్పుడు బడిలో వెనక కూచోబెట్టిన అయ్యవార్లను ఇప్పటికీ తిట్టుకుంటాం. ఆ పని మేము కూడా చేసినాం. వాడికి తట్టు రాలేదంటే అది మా గొప్ప కాదు. చుట్టూ ఉన్న పిలకాయలకు పడిన సూదులే వాడిని కాపాడినాయి.

జెరం కన్నా ఆలస్యం ఎక్కువ చంపుతుంది

ఆటిజం ఉన్నవాళ్ల ఒంట్లోకి వైరస్సు వేరే దారిలో దూరదు. అదే దోమ, అదే దగ్గు, అదే తుంపర. మరి ప్రమాదం ఎందుకు ఎక్కువ?

మొదటిది, నొప్పిని చెప్పలేకపోవడం. చెప్పినా, ఆ చెప్పే తీరును మనం తిక్క అనుకోవడం. అరిచినా ఆటిజమే, కొరికినా ఆటిజమే, తినకపోయినా ఆటిజమే అని డాక్టరు కూడా అనుకుంటే లోపలి రోగం కంటికి కనపడదు.

రెండోది, మూర్ఛ. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛరోగం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. జెరం వస్తే ఫిట్స్ తిరగబెడతాయి. జెరంలో అన్నం తినలేదని ఫిట్స్ మాత్రలు కూడా ఆపేస్తే ఇంకా ప్రమాదం.

మూడోది, తిండి. రెండు మూడు రకాలు తప్ప ఇంకేమీ ముట్టని బిడ్డలు వీళ్లలో చాలామంది. ఒంట్లో సత్తువ లేని బిడ్డను తట్టులాంటి జబ్బు తొందరగా పడగొడుతుంది. జెరంలో నీళ్లు కూడా తాగకపోతే ఒళ్లు ఎండిపోతుంది.

నాలుగోది, సూది పడకపోవడం, పరీక్ష జరగకపోవడం. మాస్కు మొహానికి తగిలితే ఓర్చుకోలేడు. ముక్కులో పుల్ల పెట్టనివ్వడు. ఆస్పత్రి లైట్లు, కేకలు, తోపులాట చూసి బెదిరిపోతాడు. అందుకని ఇంట్లోవాళ్లే తీసుకుపోవడం మానేస్తారు.

అయిదోది, చూసుకునే మనిషి పడిపోవడం. వాడి భాష తెలిసిన ఒక్క మనిషి మంచం పడితే వాడికి లోకమే మూగదైపోతుంది. ఆ అవ్వతో మేము చూసింది ఇదే.

ఈ కష్టం మన మండలానికే పరిమితం కాదు. ధనిక దేశమైన ఇంగ్లండు లెక్కలే చూడండి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ 2020 నవంబరులో ఒక నివేదిక ఇచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు మొదటి విడత కరోనాలో మిగతా జనంకన్నా కనీసం 4 రెట్లు, రికార్డుకెక్కని చావులు కూడా కలిపితే 6 రెట్లకు పైగా చనిపోయారని అందులో ఉంది. 18 నుంచి 34 ఏండ్ల వయసువాళ్లలో అయితే ఏకంగా 30 రెట్లు. అమెరికాలో 6 కోట్ల 40 లక్షలమంది ఆస్పత్రి రికార్డులు చూసి 2021లో చెప్పింది కూడా అదే: వయసు తర్వాత కరోనా చావుకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బుద్ధిమాంద్యమే. ఆటిజం ఉన్నవాళ్లందరికీ బుద్ధిమాంద్యం ఉండదు, కాబట్టి ఈ లెక్క అందరికీ వర్తించదు. కానీ మన వాడల్లో మాట రాని బిడ్డలకు ఈ లెక్క ఎంత దగ్గరో చెప్పాల్నా?

అదే ఇంగ్లండులో 2020 మార్చిలో, ఐసీయూలో ఎవరికి మంచం ఇవ్వాల అని డాక్టర్లకు ఒక కొలబద్ద ఇచ్చినారు. తన పనులు తాను చేసుకోలేనివాడికి ఆ కొలబద్ద మీద తక్కువ చోటు. తల్లిదండ్రులు, వికలాంగుల సంఘాలు అడ్డం తిరిగితే అయిదారు దినాల్లోనే, మార్చి 25న, దాన్ని మార్చినారు. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను ఈ కొలబద్దతో కొలవకూడదని రాసినారు. వాళ్లు అడిగినారు కాబట్టి మారింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల.

మన దేశంలో ఏం జరిగింది? 2021 మార్చి 1నుంచి 45 దాటినవాళ్లలో జబ్బులున్నవాళ్లకు టీకా అన్నారు. ఆ జబ్బుల పట్టీలో చివరి గడిలో బుద్ధిమాంద్యాన్ని కూడా చేర్చినారు. మంచిదే. కానీ మన వాడల్లో ఇట్లా ఉందని గుర్తుపట్టినవాళ్లంతా పిలకాయలు, పడుచువాళ్లే. 45 దాటినవాళ్లను ఎవరు ఎప్పుడు గుర్తుపట్టినారని? మంచం దిగలేనివాళ్లకు ఇంటికే వచ్చి టీకా వేస్తామని కేంద్రం చెప్పింది 2021 సెప్టెంబరులో. అప్పటికి రెండో విడత కరోనా వచ్చి ఇండ్లు ఖాళీ చేసి పోయింది.

టీకా మీద పుకారు

ఇంకొక మాట. టీకా వల్లే ఆటిజం వస్తుందని బెంగళూరునుంచి వచ్చినవాళ్లు, సెల్‌ఫోన్లలో చూసినవాళ్లు మన వాడల్లో కూడా చెప్తా ఉండారు. ఈ పుకారు పుట్టింది 1998లో లండన్‌లో. ఒక డాక్టరు 12 మంది పిల్లలను చూసి రాసిన వ్యాసం అది. అందులో మోసముందని తేలి, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ డాక్టరు పేరు కూడా వైద్యుల పట్టీనుంచి కొట్టేసినారు. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేలమంది పిల్లలను ఏండ్ల తరబడి గమనించి, టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో తేల్చినారు.

నిజం ఇంకోవైపుంది. కడుపుతో ఉన్న తల్లికి మొదటి నెలల్లో రుబెల్లా జెరం సోకితే బిడ్డకు చెవుడు, గుడ్డితనం, గుండెజబ్బు రావచ్చు. 1964లో అమెరికాలో రుబెల్లా ప్రబలినప్పుడు అట్లా పుట్టిన 243 మంది పిల్లలను న్యూయార్క్‌లో పరీక్షిస్తే, 18 మందిలో ఆటిజం లక్షణాలు పూర్తిగానో కొంతగానో కనపడినాయి. మన పక్కనున్న వేలూరులోనే 1955లో జపాన్ మెదడువాపు జెరాన్ని మన దేశంలో మొదటిసారి గుర్తించినారు. అది సోకి బతికిన పిల్లల్లో చాలామందికి మెదడు దెబ్బతిని వైకల్యం మిగులుతుంది. అంటే వైరస్సు వైకల్యాన్ని తెచ్చిపెట్టగలదు. వైకల్యం ఉన్నవాడిని ఇంకా తొందరగా చంపగలదు. రెండిటికీ అడ్డుకట్ట టీకానే. ఆటిజం ఉన్న బిడ్డకు టీకా ఆపొద్దు. వాడికి అందరికన్నా ముందు వేయించాల.

ముట్టుకోని డాక్టరు మనకు కొత్త కాదు

అంబేడ్కర్ తన అనుభవాలు రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఒక సంగతి చెప్పినాడు. 1929లో కాఠియవాడలో ఒక అంటరాని బడిపంతులు. భార్య కాన్పయిన రెండో దినం జబ్బు పడింది. ఊపిరి ఆడలేదు. డాక్టరు వాడకు రానన్నాడు. ఊరి పెద్దలు ఫీజుకు పూచీ పడితే, వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. పచ్చి బాలింతను బిడ్డతో సహా వాడ బయటికి మోసుకొచ్చినారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చినాడు. ఆయన భర్తకిచ్చినాడు. భర్త భార్యకు పెట్టినాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి. డాక్టరు దీపం వెలుగులో ఆ గాజుకడ్డీని చూసి నిమోనియా అన్నాడు. మనిషిని ముట్టలేదు. ఆ తల్లి చచ్చిపోయింది.

ఆ భర్త మాలాగే బడిపంతులు. అందుకే ఆ కథ మాకు మరుపు రాదు. మొన్న మా మండలం పిల్లోడి దగ్గరికి రాకుండానే నిద్రమందు రాసిన డాక్టరును తలుచుకుంటే మాకు ఆ థర్మామీటరే గుర్తుకొచ్చింది. అప్పుడు ముట్టుకోనిది కులం చూసి. ఇప్పుడు ముట్టుకోనిది అరుపు చూసి. కులం, అరుపు, పేదరికం మూడూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి ఎన్ని వాకిళ్లు మూసుకుంటాయో లెక్కపెట్టండి. ముట్టుకోకుండా రోగం తెలీదు. అది మనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరు?

చట్టం ఏం చెప్తా ఉంది

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చినారు. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19నుంచి అమల్లో ఉంది. అందులో 25వ సెక్షను మనవాళ్లందరూ నోటికి నేర్చుకోవాల. ఇంటి దగ్గర్లోనే, ముఖ్యంగా పల్లెల్లో, ప్రభుత్వం చెప్పిన ఆదాయానికి లోబడి ఉచిత వైద్యం అందాల. ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా ప్రైవేటు ఆస్పత్రిలోనైనా అడ్డంకి లేకుండా లోపలికి పోగలగాల. చూడటంలో, వైద్యం చెయ్యడంలో వికలాంగులకు ముందు వరస ఇవ్వాల. 8వ సెక్షను ప్రకారం విపత్తుల్లో వాళ్లకు అందరితో సమానంగా రక్షణ ఉండాల. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయలదాకా వైద్యం ఖర్చు ఇస్తుంది. మన వాడల్లో ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది?

మనకు సదరం సర్టిఫికెట్టు అంటే పింఛను కాగితం అనే తెలుసు. పింఛను కావాల్సిందే. 2024 జులైనుంచి మన రాష్ట్రంలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. దానికోసం కాళ్లరిగేలా తిరుగుతాం. కానీ అదే సర్టిఫికెట్టు ఆస్పత్రి వరసలో ముందు నిలబెట్టే హక్కుపత్రం కూడా. దాన్ని బీరువాలో దాచిపెట్టకుండా జేబులో పెట్టుకుని పోవాల.

మనం చెయ్యాల్సింది

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూచోవద్దు. ఆ అవ్వ తలలో ఉన్న చదువు అవ్వతోనే పోయింది. ఇంకో ఇంట్లో అట్లా పోకూడదు. మాట రాని బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఒక కాగితం రాసి పెట్టండి. రాయడం రాకపోతే ఆ వీధిలో చదువుకున్న పిలకాయను పిలవండి. మా దగ్గరికి రండి, మేము రాసిస్తాం. కాగితంలో ఏముండాల?

బిడ్డ పేరు, వయసు, బరువు. నొప్పిని ఎట్లా చెప్తాడు: తలకు ఏం చేస్తాడు, కడుపుకు ఏం చేస్తాడు, దప్పికకు ఏం చేస్తాడు. మామూలుగా ఎంత నిద్రపోతాడు, ఏం తింటాడు. ఫిట్స్ ఉన్నాయా, ఏ మాత్ర, ఎన్ని పూటలు. ఏ మందు పడదు. దేనికి బెదురుతాడు, దేనికి నెమ్మదిస్తాడు. ఏ టీకాలు పడినాయి, ఏవి పడలేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాడి భాష తెలిసిన ఇద్దరి పేర్లు. ఒక్కరు కాదు, ఇద్దరు. ఇంగ్లండులో ఇట్లాంటి కాగితాన్ని ఆస్పత్రి పాస్‌పోర్టు అంటారు. మనం బిడ్డ కాగితం అందాం. ఒకటి ఇంట్లో, ఒకటి ఆశా దగ్గర, ఒకటి బడిలో ఉండాల.

జెరం రాకముందే బిడ్డకు థర్మామీటరు అలవాటు చెయ్యండి. ముందు అమ్మకు పెట్టి చూపించండి, తర్వాత బొమ్మకు, ఆ తర్వాత బిడ్డకు. మాస్కు కూడా అట్లాగే, ఒక నిమిషం, రెండు నిమిషాలు.

జెరం వస్తే, మామూలుగా చేసేదానికి తేడాగా బిడ్డ ఏం చేసినా అది నొప్పేమోనని ముందు అనుమానించండి. తిక్క అని తర్వాత అనొచ్చు. ఆరు గంటలుగా ఒంటేలు రాకపోయినా, ఊపిరి ఎగపోసినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, జెరం తగ్గినాక అలజడి పెరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. డెంగీ అనుమానముంటే నొప్పి సూదులు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. రక్తం కారడం ఎక్కువవుతుంది. పారాసిటమాల్ ఒక్కటే, అది కూడా బరువుకు తగిన కొలతలో. తట్టు పోస్తే వేపాకు పెట్టుకోండి, అమ్మవారికి మొక్కుకోండి, మేము కాదనం. కానీ ఆ దినమే ఆస్పత్రికి కూడా పోండి. తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ఎ రెండు మోతాదులు వేయించాల.

మనం అడగాల్సింది

ఒకటి. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న ప్రతి బిడ్డ, ప్రతి పెద్దమనిషి పేరు ఏఎన్‌ఎం పుస్తకంలో ఎక్కాల. దోమల కాలం, దగ్గుల కాలం మొదలవగానే ఆ ఇండ్లకు ముందుగా పోవాల.

రెండు. బడిలో సూదులు వేసే దినం ఈ బిడ్డలను ఇంటికి పంపకూడదు. గోల ఉంటే వేరే గదిలో, కుదరకపోతే ఇంటికే పోయి వెయ్యాల. మాలాంటి టీచర్లకు ఇది మొదటి పాఠం.

మూడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ బిడ్డలను వరసలో నిలబెట్టకూడదు. తల్లిని పక్కనుంచి పంపెయ్యకూడదు. అంటురోగం వార్డులో కూడా బిడ్డ భాష తెలిసిన ఒక మనిషిని ఉండనివ్వాల.

నాలుగు. ఆటిజం తేల్చే పరీక్షకు పల్లె మనుషులు దూరపు పట్నాలకు రెండు దినాల కూలి పోగొట్టుకుని తిరగకూడదు. భవిత కేంద్రాలకు, మండల ఆస్పత్రులకే ఆ డాక్టర్లు రావాల.

అయిదు. చూసుకునే మనిషికి కూడా టీకా, వైద్యం బిడ్డతో సమానంగా అందాల. ఆ మనిషి పడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ముందే రాసి ఉండాల.

ఇవేవీ కొత్తగా అడిగే వరాలు కాదు. చాలామటుకు చట్టంలో ఉన్నవే. పది ఇండ్ల తల్లులు పది బిడ్డ కాగితాలు చేతపట్టుకుని ఒకే దినం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు నిలబడితే ఎవరూ మాకు తెలీదనలేరు. కార్యకర్తలు తమ వాడల్లో ఈ పక్షంలోనే లెక్క తీయండి. ఎంతమంది, ఎవరికి ఏ టీకా పడలేదు, ఎవరికి సర్టిఫికెట్టు లేదు. తీసిన లెక్క వచ్చే సంచికకు పంపండి. పేర్లు వద్దు, సంఖ్యలు చాలు.

ఆ పిల్లోడి కాగితం మేము మొన్ననే రాసినాం. తల్లి చెప్పింది, మేము రాసినాం. సగం చెప్పి ఆగిపోయింది. "ఇంకా ఏమేమో ఉన్నాయన్నా, మా అత్తకు తెలుసు" అనింది. అవ్వతో పోయినవి పోయినాయి. మిగిలినవి రాసినాం. వాడు బండ మీద బోర్లా పడుకుంటే కడుపునొప్పి అని మొదటి గీతలో రాసినాం. కింద టీకాల గడిలో తట్టు, రుబెల్లా సూది పడలేదు అని రాసి, ఎవరివల్ల పడలేదో కూడా రాసినాం. వచ్చే సోమవారం వాడి చెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి మేమే తీసుకుపోతున్నాం.

జై భీమ్.